ధాన్యపు పంటల పురుగుల గుర్తింపులో డి.ఎన్.ఎ. బార్‌కోడింగ్ – మొక్కజొన్న కత్తెర పురుగు నేర్పిన పాఠాలు

సారాంశం

ధాన్యపు పంటలను ఆశించే పురుగులు ఎక్కువగా గుడ్డు, లార్వా దశలలోనే పొలంలో కనిపిస్తాయి. జాతిని నిర్ధారించే వర్గీకరణ లక్షణాలు మాత్రం చాలావరకు తల్లి పురుగు శరీర భాగాలపై ఆధారపడి ఉంటాయి. ఏ దశలో దొరికిన పురుగునైనా, దాని శరీరంలోని చిన్న ముక్కనైనా ఆధారం చేసుకొని జాతిని తేల్చగలగడం డి.ఎన్.ఎ. బార్‌కోడింగ్ ప్రధాన ప్రయోజనం. 2018లో మన దేశంలోకి ప్రవేశించిన కత్తెర పురుగు గుర్తింపులో ఈ పద్ధతి ఉపయోగమూ, పరిమితీ రెండూ స్పష్టమయ్యాయి. ఈ వ్యాసంలో బార్‌కోడింగ్ సూత్రం, నమూనా సేకరణ, ప్రయోగశాల విధానం, ఫలితాల విశ్లేషణలో దొర్లే పొరపాట్లు, విస్తరణ శాస్త్రవేత్తలు పాటించవలసిన జాగ్రత్తలు వివరించబడ్డాయి.

పరిచయం

పైరులో కనిపించిన పురుగుకు సరైన పేరు పెట్టడం సస్యరక్షణలో మొదటి మెట్టు. ఏ లింగాకర్షక ఎర వాడాలి, ఏ పరాన్నజీవిని విడుదల చేయాలి, ఏ నిరోధక రకాన్ని ఎంచుకోవాలి, ఏ దశలో మందు పిచికారీ చేయాలి అనే నిర్ణయాలన్నీ పురుగు జాతిని బట్టి మారుతాయి. పేరు తప్పితే ఆ తరువాతి సిఫారసులు కూడా తప్పుతాయి. ఆ ఖర్చు రైతు మీద పడుతుంది. ఆ లోపల పురుగు మరొక తరాన్ని పూర్తి చేసుకుంటుంది.

వరి, మొక్కజొన్న, జొన్న పైర్లలో ఈ చిక్కు తరచుగా ఎదురవుతుంది. మొవ్వు చనిపోయిన వరి పిలకను చీల్చి చూసినపుడు దొరికే చిన్న లార్వా పసుపుపచ్చ కాండం తొలుచు పురుగుది కావచ్చు, గులాబి రంగు పురుగుది కావచ్చు, చారల పురుగుది కావచ్చు. ఎదిగిన లార్వాలను రంగు, చారల ఆధారంగా వేరు చేయవచ్చు గాని తొలి దశ లార్వాలలో ఆ తేడాలు స్పష్టంగా ఉండవు. పసుపుపచ్చ కాండం తొలుచు పురుగు కోసం అమర్చిన లింగాకర్షక బుట్టలో గులాబి రంగు పురుగు పడదు. కాబట్టి బుట్టలు ఖాళీగా ఉన్నంత మాత్రాన పైరు సురక్షితమని భావించడం పొరపాటు.

రూప లక్షణాలపై ఆధారపడే గుర్తింపు – పరిమితులు

బాహ్య లక్షణాలను చూసి జాతిని గుర్తించడమే నేటికీ కీటక వర్గీకరణకు పునాది. అయితే ధాన్యపు పంటల పురుగులలో ఈ పద్ధతికి నాలుగు రకాల ఇబ్బందులు ఎదురవుతాయి.

మొదటిది దశకు సంబంధించినది. గుడ్లు, చిన్న లార్వాలు, ప్యూపాలు దగ్గరి జాతులలో ఒకేలా కనిపిస్తాయి. జొన్న మొవ్వు ఈగ అయిన అథెరిగోనా సొకాటాకు దగ్గరి జాతులు అనేకం ఉన్నాయి. మొవ్వులో దొరికిన పిల్ల పురుగును చూసి అది ఏ జాతిదో చెప్పడం కష్టం. ఈగగా మారిన తరువాత, అందులోనూ మగ ఈగ లక్షణాలను బట్టి మాత్రమే నిర్ధారించడం వీలవుతుంది.

రెండవది దగ్గరి పోలికకు సంబంధించినది. నిల్వ ధాన్యంలోని బియ్యపు ముక్కు పురుగు, మొక్కజొన్న ముక్కు పురుగు పైకి దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని ఖచ్చితంగా వేరు చేయడానికి జననాంగాలను కోసి పరీక్షించాలి. గింజ లోపల దాగిన లార్వా దశలో ఆ అవకాశమూ ఉండదు.

మూడవది నమూనా స్థితికి సంబంధించినది. లింగాకర్షక బుట్టలో రోజుల తరబడి పడి ఉన్న రెక్కల పురుగుల పొలుసులు రాలిపోతాయి, రెక్కలు చిరుగుతాయి. కత్తెర పురుగు ఎరకు దానితో పాటు మిథిమ్నా లోరేయి వంటి ఇతర రెక్కల పురుగులు కూడా ఆకర్షితమవుతాయి. వాటిని వేరు చేయకుండా లెక్కిస్తే ఉధృతి అంచనా తలకిందులవుతుంది.

నాలుగవది నిగూఢ జాతులకు సంబంధించినది. ఆఫ్రికా ఖండంలో వరిని ఆశించే ఉల్లికోడును చాలాకాలం ఆసియా ఉల్లికోడుగానే భావించారు. 1982లో దానిని ఓర్సియోలియా ఒరైజివోరా అనే ప్రత్యేక జాతిగా వర్ణించారు. రెండింటి నష్ట లక్షణం ఒకటే, అదే ఉల్లికాడ వంటి గొట్టం. పురుగు జాతులు మాత్రం వేరు. ఒక ఖండంలో పనిచేసిన నిరోధక రకం మరొక ఖండంలో పనిచేయకపోవడం వెనుక ఇటువంటి కారణాలు కూడా ఉంటాయి.

బార్‌కోడ్ సూత్రం

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్, ఆయన సహచరులు 2003లో ఒక ప్రతిపాదన చేశారు. జంతువులన్నింటిలో ఉండే ఒకే జన్యుభాగాన్ని ఎంచుకొని, దాని క్రమాన్ని జాతికి గుర్తింపు చిహ్నంగా వాడవచ్చునన్నది దాని సారం. అందుకు మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ మొదటి ఉపభాగపు జన్యువు, అంటే సి.ఓ.1 జన్యువు, ఆరంభ భాగంలోని సుమారు 658 క్షార జంటల ముక్కను ఎంచుకున్నారు. దుకాణంలోని వస్తువులపై గీతల వరుస ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క విధంగా ఉన్నట్లే, ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాల వరుస ఒక్కొక్క జాతికి ఒక్కొక్క విధంగా ఉంటుందనే పోలిక వల్ల దీనికి బార్‌కోడ్ అనే పేరు వచ్చింది.

ఈ జన్యువును ఎంచుకోవడానికి తగిన కారణాలు ఉన్నాయి. ఒక్కొక్క కణంలో మైటోకాండ్రియా ప్రతులు వందల సంఖ్యలో ఉంటాయి కాబట్టి ఒక చిన్న కాలు ముక్క నుండి కూడా తగినంత డి.ఎన్.ఎ. లభిస్తుంది. శ్వాసక్రియకు అత్యవసరమైన ప్రోటీన్‌ను రూపొందించే జన్యువు కాబట్టి దాని ప్రధాన నిర్మాణం అన్ని కీటకాలలోనూ ఒకేలా ఉంటుంది. అందువల్ల ఒకే జత ప్రైమర్లు అనేక జాతులలో పనిచేస్తాయి. ప్రోటీన్‌ను మార్చని చిన్న చిన్న మార్పులు మాత్రం కాలక్రమంలో పేరుకుపోయి జాతుల మధ్య తేడాగా నిలుస్తాయి.

ఒకే జాతికి చెందిన పురుగుల మధ్య ఈ క్రమంలో తేడా సాధారణంగా తక్కువగా, తరచు 2 శాతం లోపు ఉంటుంది. వేర్వేరు జాతుల మధ్య అంతకంటే ఎక్కువగా ఉంటుంది. ఈ రెండు తేడాల నడుమ ఉండే ఖాళీని బార్‌కోడ్ అంతరం అంటారు. 658 అక్షరాలలో 2 శాతమంటే సుమారు 13 అక్షరాలు. ఊహాత్మక ఉదాహరణగా, ఒక లార్వా క్రమాన్ని పోల్చినపుడు మొదటి జాతి ప్రామాణిక క్రమంతో 5 అక్షరాల తేడా, రెండవ జాతితో 62 అక్షరాల తేడా కనిపించిందనుకుంటే, ఆ తేడాలు వరుసగా 0.76 శాతం, 9.42 శాతం అవుతాయి. అటువంటి లార్వాను మొదటి జాతిగా గుర్తించడంలో సందేహానికి తావుండదు. అయితే 2 శాతం అనేది ప్రకృతి నియమం కాదు, అనుభవం వల్ల ఏర్పడిన కొలబద్ద మాత్రమే. కొన్ని సమూహాలలో జాతుల మధ్య తేడా ఇంతకంటే తక్కువగానూ, ఒకే జాతిలో తేడా ఇంతకంటే ఎక్కువగానూ ఉంటుంది.

కత్తెర పురుగు గుర్తింపు

కత్తెర పురుగు, అనగా స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా, అమెరికా ఖండాల ఉష్ణ, ఉపోష్ణ మండలాలకు చెందినది. 2016లో పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలలో మొదటిసారి నమోదయింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతపు మొక్కజొన్నలో కనిపించింది. అదే సంవత్సరం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లతో సహా దక్షిణాది రాష్ట్రాల మొక్కజొన్న పొలాలలో వ్యాపించింది.

అప్పటికే ఇక్కడి పైర్లలో పొగాకు లద్దె పురుగు, కంకి కత్తిరించు పురుగు ఉన్నాయి. పొగాకు లద్దె పురుగు కత్తెర పురుగు ప్రజాతికే చెందినది. రెండింటి తల్లి పురుగులూ గుడ్లను గుంపుగా పెట్టి పైన పొలుసులతో కప్పుతాయి. ఎదిగిన కత్తెర పురుగు లార్వాను తలపై తిరగబడిన ఆంగ్ల అక్షరం వై ఆకారపు తెల్లని గీతతోనూ, తోక వైపు ఎనిమిదవ ఉదర ఖండితంపై చతురస్రాకారంలో అమరిన నాలుగు నల్లని చుక్కలతోనూ గుర్తించవచ్చు. తొలి దశ లార్వాలలో ఈ గుర్తులు స్పష్టంగా కనిపించవు.

మందు పనిచేసేది మాత్రం ఆ తొలి దశలలోనే. చిన్న లార్వాలు ఆకు పత్రహరితాన్ని గోకి తింటాయి. ఆకులపై తెల్లని పొరల వంటి మచ్చలు ఏర్పడతాయి. ఎదిగిన లార్వా సుడిలోకి చేరి తన విసర్జకాలతో సుడిని పూడ్చుకుంటుంది. ఆ తరువాత పిచికారీ చేసిన మందు దానికి సరిగా చేరదు. అంటే కంటితో సులువుగా గుర్తించగలిగే నాటికి నివారణకు అనువైన కాలం చాలావరకు గడిచిపోతుంది. బార్‌కోడింగ్ విలువ ఇక్కడ తెలుస్తుంది. గుడ్ల గుంపులోని ఒక గుడ్డు, అప్పుడే పొదిగిన ఒక లార్వా, బుట్టలోని ఒక విరిగిన కాలు – వీటిలో ఏది దొరికినా సి.ఓ.1 క్రమంతో పొగాకు లద్దె పురుగు నుండి కత్తెర పురుగును వేరు చేయవచ్చు. 2018లో మన దేశంలో ఈ పురుగును రూప లక్షణాలతో గుర్తించడంతో పాటు సి.ఓ.1 క్రమంతో కూడా ధ్రువపరిచారు. ఒక ప్రాంతంలో ముందెన్నడూ లేని పురుగును ప్రకటించేటపుడు ఇటువంటి రెండు విధాల నిర్ధారణ తప్పనిసరి.

నమూనా సేకరణ నుండి క్రమ నిర్ణయం వరకు

బార్‌కోడింగ్‌లో విఫలమైన నమూనాలలో అనేకం ప్రయోగశాలకు చేరక ముందే పాడై ఉంటాయి. సేకరించిన పురుగును వెంటనే 95 శాతం లేదా అంతకంటే ఎక్కువ గాఢత గల ఇథనాల్‌లో వేయాలి. లార్వా శరీరంలోని నీరు ఇథనాల్‌ను పలుచన చేస్తుంది కాబట్టి మరుసటి రోజు దానిని మార్చాలి. ఫార్మలిన్ డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తుంది, దానిని వాడరాదు. సీసాలో పెన్సిల్‌తో రాసిన చీటీ వేయాలి. పెన్ను సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది. చీటీపై గ్రామం, మండలం, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, పంట, రకం, పైరు వయస్సు, పురుగు దశ, సేకరించినవారి పేరు ఉండాలి. నమూనాలను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరచాలి.

తల్లి పురుగు అయితే ఒక కాలు సరిపోతుంది. మిగిలిన శరీరాన్ని వోచరు నమూనాగా దాచాలి. లార్వా అయితే పేగు లేని భాగం నుండి కణజాలం తీయాలి. పేగులో పంట అవశేషాలు, సూక్ష్మజీవులు ఉంటాయి. లార్వా లోపల పరాన్నజీవి ఉంటే దాని డి.ఎన్.ఎ. కూడా చేరవచ్చు. ఉల్లికోడు పిల్ల పురుగులో ప్లాటిగాస్టర్ ఒరైజే అనే పరాన్నజీవి పెరుగుతుంది. అటువంటి పిల్ల పురుగు నుండి తీసిన డి.ఎన్.ఎ. ఉల్లికోడుకు బదులు పరాన్నజీవి పేరు చూపినా ఆశ్చర్యపడనక్కరలేదు.

సి.టి.ఎ.బి. పద్ధతిలో గాని, సిద్ధంగా దొరికే కిట్‌తో గాని డి.ఎన్.ఎ.ను వేరు చేసిన తరువాత పాలిమరేజ్ శృంఖల చర్యతో సి.ఓ.1 భాగాన్ని విస్తరింపజేస్తారు. ఇందుకు 1994లో ఫోల్మర్, ఆయన సహచరులు రూపొందించిన ఎల్.సి.ఓ.1490, హెచ్.సి.ఓ.2198 అనే ప్రైమర్లు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. రెక్కల పురుగుల వర్గానికి లెప్ఎఫ్1, లెప్ఆర్1 ప్రైమర్లు కూడా వాడతారు. సాధారణంగా 94 నుండి 95 డిగ్రీల వద్ద పోగులను విడదీయడం, 48 నుండి 52 డిగ్రీల వద్ద ప్రైమర్లను అతికించడం, 72 డిగ్రీల వద్ద పొడిగించడం అనే మూడు మెట్లను 30 నుండి 35 ఆవృత్తులు నడుపుతారు. అగరోస్ జెల్‌పై సుమారు 700 క్షార జంటల వద్ద ఒకే ఒక స్పష్టమైన పట్టీ కనిపించాలి. పురుగు డి.ఎన్.ఎ. కలపని గొట్టంలో కూడా పట్టీ కనిపిస్తే ఎక్కడో కలుషితం జరిగినట్లే. ఆ విడత ఫలితాలను పక్కన పెట్టాలి. ఆ తరువాత రెండు దిశలలోనూ క్రమ నిర్ణయం చేయించి, ప్రైమర్ల భాగాన్ని తొలగించి, రెండు పఠనాలను సరిపోల్చి ఒకే క్రమంగా కూర్చాలి.

ఫలితాన్ని చదవడంలో జాగ్రత్తలు

క్రమం చేతికి రాగానే దానిని సమాచార నిధిలో వెతికి మొదట కనిపించిన పేరును రాసుకోవడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. అంతకు ముందు రెండు పరీక్షలు చేయాలి.

మొదటిది అనువాద పరీక్ష. సి.ఓ.1 ప్రోటీన్‌ను రూపొందించే జన్యువు కాబట్టి దాని క్రమం నడుమ ముగింపు సంకేతం రాకూడదు, అక్షరాలు మధ్యలో తప్పిపోయి చదివే వరుస చెదరకూడదు. వెన్నెముక లేని జీవుల మైటోకాండ్రియా సంకేత పట్టికను ఎంచుకొని ఈ పరీక్ష చేయాలి. ఆ పట్టికలో టి.జి.ఎ. ముగింపు సంకేతం కాదు, ట్రిప్టోఫాన్‌కు సంకేతం, టి.ఎ.ఎ., టి.ఎ.జి. మాత్రమే ముగింపు సంకేతాలు. సాధారణ పట్టికతో పరీక్షిస్తే మంచి క్రమం కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. సరైన పట్టికతోనూ నడుమ ముగింపు సంకేతం వస్తే అది కేంద్రకంలోకి చేరి పనిచేయని నకలుగా మిగిలిన మైటోకాండ్రియా ముక్క కావచ్చు.

రెండవది ప్రామాణిక క్రమాల విశ్వసనీయత. జెన్‌బ్యాంక్‌లో క్రమాన్ని సమర్పించినవారు ఇచ్చిన పేరే ఉంటుంది. ఆ పురుగును మొదట తప్పుగా గుర్తించి ఉంటే తప్పు పేరే నిలుస్తుంది. తరువాత వచ్చినవారు దానినే ఆధారంగా తీసుకుంటే ఆ తప్పు పెరుగుతూ పోతుంది. గ్వెల్ఫ్ నుండి నిర్వహించబడుతున్న బోల్డ్ సమాచార నిధిలో క్రమంతో పాటు వోచరు నమూనా వివరాలు, ఛాయాచిత్రం, సేకరణ స్థలం, మూల పఠన దస్త్రాలు నమోదు చేసే ఏర్పాటు ఉంది. 2013 నుండి దగ్గరి క్రమాలను సమూహాలుగా కూర్చి సంఖ్య ఇచ్చే విధానం కూడా అందులో అమలులో ఉంది. ఒకే సమూహంలో రెండు మూడు జాతుల పేర్లు కనిపిస్తే ఎక్కడో గుర్తింపు తప్పు జరిగిందనో, ఆ జాతులను సి.ఓ.1 వేరు చేయలేకపోతున్నదనో అనుమానించాలి. వేర్వేరు ప్రాంతాల నుండి, వేర్వేరు శాస్త్రవేత్తలు ఇచ్చిన, వోచరు నమూనాలు గల క్రమాలు ఒకే పేరును చూపినపుడు ఆ పేరుకు బలం ఉంటుంది.

కాబట్టి బార్‌కోడ్ వెనుక ఉన్న వోచరు నమూనా ఎంత నమ్మదగినదో బార్‌కోడ్ కూడా అంతే నమ్మదగినది. ఆ నమూనాకు పేరు పెట్టేది వర్గీకరణ శాస్త్రవేత్తే. బార్‌కోడింగ్ వచ్చినందువల్ల వర్గీకరణ నిపుణుల అవసరం తగ్గలేదు. వారు ఒకసారి చేసిన గుర్తింపు వేల నమూనాలకు ఉపయోగపడే వీలు కలిగింది.

బార్‌కోడ్ చెప్పలేని విషయాలు

బార్‌కోడ్ జవాబు చెప్పేది పురుగు ఏ జాతిదన్న ప్రశ్నకు. విస్తరణ రంగంలో తరచు దానికంటే సూక్ష్మమైన ప్రశ్నలు ఎదురవుతాయి.

మన దేశంలో వరి ఉల్లికోడులో ఏడు జీవరూపాలు గుర్తించబడ్డాయి. ఒక జిల్లాలో ఉల్లికోడును తట్టుకున్న వరి రకం మరొక జిల్లాలో తట్టుకోలేకపోవడానికి ఈ జీవరూపాల తేడా ముఖ్య కారణం. బార్‌కోడ్ వీటన్నింటినీ ఓర్సియోలియా ఒరైజే అనే ఒకే పేరుతో చూపుతుంది. ఏ జీవరూపమో తెలియాలంటే నిర్ణీత వరి రకాల సముదాయంపై పురుగు ప్రభావాన్ని పరీక్షించే పద్ధతినే ఆశ్రయించాలి. బార్‌కోడ్ ఫలితం మాత్రమే చూసి నిరోధక రకాన్ని సిఫారసు చేయడం సరికాదు.

కత్తెర పురుగు విషయంలో ఈ పరిమితి మరింత ఆసక్తికరం. అమెరికా ఖండాలలో ఈ జాతిలో రెండు వర్గాలు ఉన్నాయి. ఒకటి ఎక్కువగా వరి, పచ్చిక గడ్డి జాతులపై, రెండవది ఎక్కువగా మొక్కజొన్న, జొన్నలపై కనిపిస్తుంది. పైకి వీటికి తేడా లేదు, సి.ఓ.1లోని కొన్ని అక్షరాల తేడాతో వీటిని వరి వర్గం, మొక్కజొన్న వర్గం అని పిలుస్తారు. భారతదేశంలో మొక్కజొన్నపై సేకరించిన పురుగులలో ఎక్కువ భాగం సి.ఓ.1 ప్రకారం వరి వర్గంగా తేలాయి. ఆ ఒక్క ఫలితాన్నే నమ్మితే వరి సాగుకు పెను ప్రమాదం ముంచుకొచ్చిందని హెచ్చరించవలసి వస్తుంది. అయితే కేంద్రకంలోని జెడ్ క్రోమోజోమ్‌పై ఉండే టి.పి.ఐ. జన్యువును పరీక్షించినపుడు అవే పురుగులు ఎక్కువగా మొక్కజొన్న వర్గపు గుర్తులను చూపాయి. పొలంలోనూ నష్టం ప్రధానంగా మొక్కజొన్నకే జరిగింది.

ఈ వైరుధ్యానికి కారణం మైటోకాండ్రియా వారసత్వంలో ఉంది. మైటోకాండ్రియా తల్లి నుండి మాత్రమే సంతానానికి వస్తుంది. వరి వర్గపు ఆడ పురుగు మొక్కజొన్న వర్గపు మగ పురుగుతో జతకడితే సంతానమంతా తల్లి సి.ఓ.1నే పొందుతుంది. ఆ ఆడ సంతానం తరతరాలుగా మొక్కజొన్న వర్గపు మగ పురుగులతోనే జతకడితే కేంద్రక జన్యువులు క్రమంగా మొక్కజొన్న వర్గానివిగా మారిపోతాయి, సి.ఓ.1 మాత్రం తొలి తల్లిదే మిగులుతుంది. అంటే సి.ఓ.1 చెప్పేది తల్లి వంశపు పేరు. పురుగు ప్రస్తుత స్వభావాన్ని అది చెప్పకపోవచ్చు. ఆడ పురుగు గుడ్ల ద్వారా సంక్రమించే వోల్బాకియా వంటి బ్యాక్టీరియా కూడా కొన్ని కీటకాలలో ఒకే రకం మైటోకాండ్రియాను సమూహమంతటా వ్యాపింపజేసి ఫలితాలను తప్పుదారి పట్టిస్తుంది. వర్గం, సంకరం వంటి ప్రశ్నలు ఎదురైనపుడు సి.ఓ.1తో పాటు కనీసం ఒక కేంద్రక జన్యువును కూడా పరీక్షించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

బార్‌కోడింగ్ ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. సుడిలోకి పురుగు దిగుతున్న పైరు అన్ని రోజులు ఆగదు. కాబట్టి ఈ పద్ధతిని క్షేత్రస్థాయి నిర్ణయానికి బదులుగా కాక, దానికి తోడుగా వాడుకోవాలి.

1. పొలంలో నష్ట లక్షణాలు, రూప లక్షణాల ఆధారంగా తాత్కాలిక గుర్తింపు చేసి, తొలి సలహా ఇవ్వాలి. సందేహం ఉంటే అది తాత్కాలికమని రైతుకు చెప్పాలి.

2. ఒకే పురుగుపై ఆధారపడకుండా వేర్వేరు పొలాల నుండి, వేర్వేరు దశల నమూనాలను సేకరించాలి.

3. సేకరించిన లార్వాలలో కొన్నింటిని ఇథనాల్‌లో వేసి, మిగిలినవాటిని అదే పంట ఆకులపై పెంచి తల్లి పురుగులుగా మారనివ్వాలి. బార్‌కోడ్, తల్లి పురుగు లక్షణాలు ఒకే పేరును చూపితే నిర్ధారణ సంపూర్ణమవుతుంది. పెంపకంలో బయటపడిన పరాన్నజీవులను కూడా భద్రపరచాలి.

4. ఇథనాల్‌లో వేయక ముందే పురుగును, నష్టపోయిన మొక్కను ఫోటో తీయాలి. ఇథనాల్‌లో లార్వా రంగులు వెలిసిపోతాయి.

5. కొత్త పురుగు అనే అనుమానం కలిగినపుడు బహిరంగ ప్రకటనకు ముందు భారతీయ వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ వంటి వర్గీకరణ కేంద్రాల నిర్ధారణ పొందాలి.

6. ఫలితం వచ్చిన తరువాత దానిని రైతుకు, ఆ మండల వ్యవసాయ సిబ్బందికి తెలియజేయాలి. తొలి సలహా మార్చవలసి ఉంటే వెంటనే మార్చాలి.

7. నిర్ధారించిన క్రమాన్ని వోచరు వివరాలతో సమాచార నిధిలో చేర్చాలి. మన ప్రాంతపు వరి, జొన్న, మొక్కజొన్న పురుగుల, వాటి పరాన్నజీవుల క్రమాలు ఎంత ఎక్కువగా చేరితే తదుపరి గుర్తింపులు అంత సులభమవుతాయి.

ముగింపు

డి.ఎన్.ఎ. బార్‌కోడింగ్ దశతో, నమూనా స్థితితో నిమిత్తం లేకుండా పురుగు జాతిని తేల్చగల సాధనం. కొత్తగా ప్రవేశించే పురుగులను తొలినాళ్లలోనే పసిగట్టడంలో దీని సేవ విలువైనది. సరిగా సేకరించని నమూనా, తప్పుగా పేరు పెట్టిన ప్రామాణిక క్రమం, తల్లి వంశాన్ని మాత్రమే చెప్పే జన్యువు – ఈ మూడింటి పట్ల అప్రమత్తత లేకపోతే అదే సాధనం తప్పు పేరును శాస్త్రీయ ముద్రతో రైతు ముందు నిలబెడుతుంది. జీవరూపాలు, వర్గాల విషయంలో దాని పరిమితిని గుర్తించి, రూప లక్షణాల పరిశీలన, పురుగుల పెంపకం, కేంద్రక జన్యు పరీక్షలతో జోడించి వాడినపుడే బార్‌కోడ్ పొలంలో సరైన సిఫారసుగా మారుతుంది.